బుధారం నాలుగ్గొట్టంగ

బుధారం నాలుగ్గొట్టంగ
పెద్ద టేబుల్ మీద పాత పేపర్లు పరుస్త.
సిస్టర్ ముందే చెప్పింది:
పొయ్యి ఉండొద్దు, కత్తి ఉండొద్దు,
నూనె మరుగొద్దు, గాజు గిన్నె అసలే వద్దు.
గివన్ని వద్దంటే ఇంగ చేసేదేంది అని
కాజీపేట బజార్లన్ని నెత్తిలనే తిరిగొచ్చిన.

పోయిన వారం మరమరాలు కలిపిచ్చిన.
ఉల్లిగడ్డ నేనే కోసి తెచ్చిన, నిమ్మకాయ వాళ్లు పిండిర్రు.
నిమ్మగింజలు ఏరుకుంట కూసునేసరికి
అన్ని మెత్తవడ్డయి.
"వానల తడిసిన పత్తి తినవెడ్తున్నవా" అని
బుచ్చిలింగం సారు గిన్నె అవుతల్కి తోసిండు.

ఇయ్యాల మలీద.
పొద్దుగాల మిగిలిన రొట్టెలు ఇరవై,
తురిమిన బెల్లం, కాసింత నెయ్యి, చిటికెడు ఇలాచి పొడి.
చింపాలె, నలపాలె, ముద్ద కట్టాలె. గంతే.
వేళ్లకు కసరత్తు అని రిజిస్టర్ల రాసుకుంటం.

ఖాజాబీ బేసిన్ల చెయ్యి వెట్టకముందే అన్నది:
"పీర్ల పండుగకు చేస్తం గదా, గదే."
"సద్దుల బతుకమ్మకు చేస్తం గదా, గదే"
చక్రాల కుర్చీల నుంచి ఓదెమ్మ.
"పీర్లది."
"బతుకమ్మది."
జమ్మికుంట బెల్లం
ఎవల దిక్కూ మాట్లాడలే.

ఓదెమ్మకు ఎడమచెయ్యి పడిపోయి రెండేండ్లు.
ఒడిల పెట్టుకుంటది దాన్ని,
నిద్రవోయిన పిల్లిని పెట్టుకున్నట్టు.
ఒంటిచేత్తోని రొట్టె చినగదు.
అవుతల పట్టెటోడు లేకుంట గుంజితే
రొట్టె రొట్టెనే ఎంబడి వస్తది.
రెండుసార్లు గుంజింది.
మూడోసారి గుంజలే, కిటికీ దిక్కు చూస్కుంట కూసున్నది.

నేను లేవబోయిన.
అంతల పక్క కుర్చీ జరిగిన సప్పుడు.
బుచ్చిలింగం సారు—
ముప్పై నాలుగేండ్లు గూడ్సుబండికి గార్డు,
కుడి పక్క మొత్తం చచ్చువడ్డ మనిషి,
వచ్చిన పదకొండు నెలల సంది
"టైమెంత" తప్ప ఎవలనూ ఏమీ అడగని మనిషి—
ఎడమచెయ్యి సాపి
రొట్టె ఇవుతలి కొస పట్టుకున్నడు.

ఆమె కుడిచెయ్యి. ఆయన ఎడమచెయ్యి.
చిరిగింది,
గేటుకాడ సినిమా టికెటు చింపినట్టు.

"జెండా ఊపకముందే గుంజుతవేంది" అన్నడు.
"నీ బండికి నా రొట్టెకు ఏం సంబంధమయ్యా" అన్నది.
ఇంకోటి తీసింది.

పద్నాలుగు చింపిర్రు ఇద్దరు.
నడుమల బల్లార్షా దిక్కు వోయే బండి కూత వెట్టింది.
రోజూ ఆ కూతకు సారు
వాచీ లేని మణికట్టు చూస్కుంటడు.
ఇయ్యాల చూడలే.
చెయ్యి ఖాళీగ లేదు.

ముద్దలు కట్టిర్రు. ఒకటి గోలీ అంత, ఒకటి కోడిగుడ్డంత.
ఖాజాబీవి అన్ని ఒక్క తీరు, తూకమేసినట్టు.
కోరుట్లల నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు మరి,
కన్ను సహకరించకున్నా కొలత మరువలే.
ఓదెమ్మవి గట్టిగ లెవ్వు,
మీద నాలుగు వేళ్ల గుర్తులు మాత్రం లోతుగ ఉన్నయి.
సక్కుబాయికి షుగరు మూడొందలు,
ఆమెకు కలుపుడు ఒక్కటే, తినుడు లేదు.
చేతులు కడుక్కోమంటే
ఆగు బిడ్డా అని, వేళ్లు ముక్కుకాడ పెట్టుకున్నది.

రిజిస్టర్ల ఒక గడి ఉన్నది:
ఎవరికి ఎవరు సాయం చేసిర్రు అని.
ఏ పేరు ముందు రాయాల్నో తోచక
ఖాళీగ ఇడిసిన.

చేసినవి ముప్పై ఒకటి. తిన్నవి ఇరవై ఆరు.
రాత్రి దుప్పట్లు మార్చంగ
సక్కుబాయి మెత్త కింద రెండు దొరికినయి.
ఆమె నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన.
ఒకటి ఆమెకు తెల్వకుంటనే తీసి జేబుల ఏసుకున్న,
ఒకటి తీయబుద్ధి కాలే, సగం చేసి సగం ఇచ్చిన.
సిస్టర్‌కు చెప్పకుర్రి.

మిగిలిన మూడు నాకు దొరకలే.
పొద్దటికి చీమలు చెప్తయి.